చెప్పి వెళ్ళడం ఎలా?

ఊరికి బయల్దేరేటప్పుడు మనం ఎంతమందికో చెప్పి వెళతాం. పాలవాడికి చెబుతాం. పేపరబ్బాయికి చెబుతాం. పక్కింటావిడ చేతిలో తాళంచెవి పెట్టి, "కాస్త ఇల్లు కనిపెట్టి ఉండండి వదినగారూ" అంటాం. ఒక్క వాకిట్లో పడుకున్న కుక్కకి మాత్రం చెప్పలేం. చెప్పామే అనుకోండి, ముక్కనుమ వెళ్ళగానే వచ్చేస్తామన్న మాట దానికి బోధపడేదెలా? పెట్టెలు సర్దడం దానికి బాగానే తెలుస్తుంది. తెలియనిదల్లా, మనం మళ్ళీ వస్తామన్న సంగతే!

మా నరసరావుపేటలో ఈ మాటంటే ఒక పెద్దాయన నవ్వేశాడు. "ఏందయ్యా, మీరు మరీను! కుక్కకి గూడా చెప్పిపోవాలా? ఇంత అన్నం పెట్టేవాళ్ళుంటే చాలదూ?" అన్నాడు.

చాలుతుందా అన్నదే నా ప్రశ్న.

కుక్కని వదలడం అనగానే మనకి ధర్మరాజు గుర్తొస్తాడు. వెంట వచ్చిన కుక్కని వదిలేస్తేనే రథం ఎక్కమన్నాడు ఇంద్రుడు. ఆయన ససేమిరా అన్నాడు. భార్యనీ తమ్ముళ్ళనీ దారిలో వదిలివచ్చినవాడికి కుక్క దగ్గర ఇంత పట్టుదలేమిటంటే, పోయినవాళ్ళని తను బతికించలేడనీ, ప్రాణంతో ఉన్నంతకాలం వాళ్ళనీ వదల్లేదనీ జవాబు. బాగానే ఉంది. కాని ధర్మరాజుకి తిరుగు ప్రయాణం లేదు. మనకి ఉంది. మనం వెళ్ళేది స్వర్గానికి కాదు, హైదరాబాదులో అమ్మాయి ఇంటికి!

వెంట తీసుకెళ్ళడమే ధర్మమా అంటే, అదీ చెప్పలేం. రైల్లో పెద్ద కుక్కని దగ్గరే ఉంచుకోవాలంటే ఫస్టుక్లాసులో కూపే మొత్తం మనదై ఉండాలి. లేకపోతే గార్డు పెట్టెలో, కుక్కల కోసం చేసిన అరలో అది ఒంటరిగా ప్రయాణం చెయ్యాలి. ఆ చీకట్లో, ఆ చప్పుడులో వెళ్ళడం ఎవరి సుఖం కోసం? దాని కోసమా, "వదల్లేదు" అని మనం చెప్పుకోవడం కోసమా?

ఇంకో సంగతి. మిరపకోతల కాలంలో కర్నూలు వైపునుంచి కూలీలు మన పల్నాటి చేలకి వస్తారు. పిల్లల చదువు మధ్యలో మాన్పించి వెంటబెట్టుకు వచ్చేవాళ్ళూ వాళ్ళలో ఉంటారు. కుక్కనేం చేశారని వాళ్ళని నిలదీసే హక్కు మనకెక్కడిది? అంచేత వదలడమంతా ఒకటి కాదు. జంతుహింసని అరికట్టడానికి 1960లో చేసిన చట్టం కూడా, సరైన కారణం లేకుండా, ఆకలిదప్పుల పాలయ్యేట్టు జంతువును వదిలేస్తేనే నేరమంటుంది. అయితే చట్టం చూసేది అన్నం, నీళ్ళు. నమ్మకానికి అందులో సెక్షను లేదు.

మాట అర్థంకాని ప్రాణికి మనం ఇవ్వగల మాట ఒక్కటే: ఏర్పాటు. ముందే ఒకటి రెండు పూటలు ఆ వదినగారింట్లో ఉంచి తీసుకురావడం. మనం వాడిన పాత దుప్పటి దాని కింద వెయ్యడం. అలవాటైన తిండే పెట్టించడం. పిచ్చికుక్క వ్యాధి టీకా గడువు చూసుకోవడం. మెడపట్టీమీద ఫోను నెంబరు రాయించడం. కొత్తచోట గేటు తీసి ఉంటే అది పాత ఇల్లు వెతుక్కుంటూ రోడ్డున పడుతుందని వదినగారికి గట్టిగా చెప్పడం. గుమ్మంలో కావలించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఇందులో లేదు సుమండీ! అది మన కోసం.

ఇదంతా కుక్క గొడవేనా? మతిమరుపు ముదిరిన తల్లి ఉన్న ఇంటివాళ్ళని అడగండి. "రెండ్రోజుల్లో వస్తానమ్మా" అంటే తలూపుతుంది. కొడుకు గడప దాటేసరికి ఆ మాట ఉండదు. ఆవిడకి మిగిలేది వేళకి మందు అందించే చెయ్యి, తెలిసిన గొంతు. మాట పుచ్చుకోగలవాళ్ళు, మనం తప్పితే నిలదీస్తారు. పుచ్చుకోలేనివాళ్ళ దగ్గరే మన నిజాయితీకి అసలు పరీక్ష.

తిరిగొచ్చిననాడు కుక్క మీదపడి గంతులేస్తుంది. అది చూసి, మనం చేసిందంతా సరిగ్గానే ఉందనుకోకండి. ఏర్పాటు బాగా చేసినవాణ్ణీ, చెయ్యనివాణ్ణీ అది ఒకలాగే నాకుతుంది.