అంతఃపురదోషం ఎవరిది?

ఢిల్లీలో ఇండియా గేటు నుండి గోల్ డాక్‌ఖానా వరకు పోయే రాజమార్గానికి అశోకా రోడ్డు అని పేరు. దాని మొదటనే హైదరాబాద్ హౌస్ ఉన్నది. ఏడవ నిజాము కొరకు లుట్యెన్సు రూపకల్పన చేయగా 1928 నాటికి పూర్తియైన ఆ భవనంలో రాణివాసపు స్త్రీలకు ప్రత్యేకంగా జనానా కూడ నిర్మించినారు. నేడది విదేశాల ప్రభుత్వాధినేతలతో చర్చలు జరిగే ప్రభుత్వ భవనం. ఆ జనానా నేడు లేదు. అయినంతమాత్రాన లోకంలో అంతఃపురమనేది అంతరించినదా? దీనికి సమాధానం చెప్పుటకు ముందు అంతఃపురమంటే ఏమో తెలిసికొనవలెను.

అంతఃపుర కుతంత్రం అనగానే స్త్రీల అసూయ అని తలచుట మనకు వాడుక. కైక అనగానే మంథర గుర్తుకు వచ్చును. వరములిచ్చిన దశరథుడు మాత్రం జాలికే పాత్రుడగును. ఈ వాడుక ఎంతవరకు న్యాయమో విచారించుటకు ఆ వీథి పేరులోని చక్రవర్తి కథయే చాలును.

తిష్యరక్షిత అశోకుని రాణి. ఆమె సవతి కుమారుడైన కుణాలుని కోరి, అతడు నిరాకరింపగా పగ పట్టినదని అశోకావదానం చెప్పుచున్నది. రాజుకు దుస్సాధ్యమైన రోగం వచ్చినప్పుడు ఆమె నయం చేసినది. సంతోషించిన రాజు ఏడు దినముల రాజ్యాధికారం వరంగా ఇచ్చినాడు. ఆ ఏడు దినములలో ఆమె రాజముద్రతో తక్షశిలకు ఆజ్ఞ పంపినది. కుణాలుని కన్నులు పోయినవి. నిజం బయటపడిన పిమ్మట రాజు ఆమెకు మరణశిక్ష విధించినాడు. ఈ గాథ చైనాకు కూడ ప్రాకినది. 7వ శతాబ్దంలో వచ్చిన హ్యూయెన్‌త్సాంగ్ కుణాలుని పేరిట నిలిచిన స్తూపాన్ని తక్షశిలలో చూచినాడు.

ఇది చరిత్ర అని చెప్పుటకు వీలులేదు. అశోకుని శాసనాలలో తిష్యరక్షిత పేరు లేదు. వాటిలో పేరుతో కనిపించే రాణి తీవరుని తల్లియైన కారువాకి ఒక్కతె. అదియును ఆమె చేసిన దానాల సందర్భంలోనే. శిల రాణిని దానశీలగా తలచుకొన్నది. గాథ మరొక రాణిని హంతకురాలిగా నిలిపినది. గాథను గాథగానే తీసికొన్నను ఒక ప్రశ్న మిగులును. ముద్ర ఎవరిది? ఒక మనిషి ముద్రపడినంతనే, ఎవరును ఎదురు ప్రశ్న వేయకుండ, మరొక మనిషి కన్నులు తీయవచ్చునన్న ఏర్పాటును తిష్యరక్షిత కల్పించినదా?

మన సారంగధరుని కథ ఈ గాథకు తోబుట్టువు. రాజమహేంద్రవరాన్ని, 11వ శతాబ్దపు రాజరాజనరేంద్రుని ఆశ్రయించి ఈ కథ తెలుగునాట వ్యాపించినది. చేమకూర వేంకటకవి కావ్యంగాను, తరువాతివారు నాటకాలుగాను, 1957లో చలనచిత్రంగాను దీనిని చెప్పినారు. చిత్రాంగి నేరం మోపినది. రాజు కుమారుని మాట వినకయే కాలుసేతులు నరికించినాడు. నాటకాలవలన జనానికి తెలిసిన కథలో యువరాజు పటం చూచి మనసిచ్చిన కన్యను తండ్రియే పెండ్లాడినాడు. ప్రేక్షకులు చిత్రాంగిని శపించి లేచిపోవుదురు. మొదటి అన్యాయం చేసినవాడు, చివరి తీర్పు చెప్పినవాడు ఒక్కడేయని ఎందరు గుర్తింతురు?

ఈ విషయాన్ని మన కాలంలో స్పష్టంగా చూపినది 2011 నాటి చైనా ధారావాహిక ఝెన్ హువాన్ ఝువాన్. ఛింగ్ వంశపు యుంగ్‌ఝెంగ్ చక్రవర్తి కాలాన్ని ఆధారంగా చేసికొని కల్పించిన కథ అది. అందులో హ్వా అనే రాణి గర్విష్ఠి, క్రూరురాలు. ఆమెకు సంతానం లేదు. చక్రవర్తి ప్రేమకు గుర్తుగా ఇచ్చిన సుగంధద్రవ్యమే తనను గొడ్రాలిని చేసినదని చివరకు ఆమెకు తెలియును. ఆమె అన్న బలవంతుడైన సేనాపతి. ఆ ఇంటి రక్తంతో రాజకుమారుడు పుట్టరాదని ప్రభువు తలచినాడు. అది విని ఆమె గోడకు తల బాదుకొని మరణించును. చరిత్రలోని రాణికి బిడ్డలు కలిగి చిన్ననాటనే పోయినారు. ఆమె 1725లో మరణించినది. కథకులు చరిత్రను మార్చినారు గాని, దోషం ఏ గదిలో పుట్టినదో సరిగానే చూపినారు.

అయితే దోషమంతయు సింహాసనానిదేనని, హ్వా, చిత్రాంగి నిర్దోషులని చెప్పవచ్చునా? చెప్పరాదు. ఆ అంతఃపురాలలోనే కుణాలుడు, సారంగధరుడు పాపానికి ఒడంబడలేదు. బంధనంలో ఉన్నవానికిని కొంత స్వేచ్ఛ ఉన్నది. ఆ మేరకు బాధ్యతయు ఉన్నది. కాని బాధ్యత వేరు, మూలకారణం వేరు. చైనా కథలో నాయిక ఝెన్ హువాన్ మొదట రోగం నటించి పోటీకి దూరంగా ఉండగోరినది. పిదప ఆ విద్యయే నేర్చి, అందరిని గెలిచి, రాజమాత అయినది. అంతఃపురం మాత్రం చెక్కుచెదరలేదు. క్రొత్త చక్రవర్తికి క్రొత్త రాణులు వచ్చిరి. దుష్టులను శిక్షించుటవలన పాత్రలు మారును, నాటకం మారదు.

నాటకాన్ని మార్చే ఉపాయం అశోకుని శాసనాలలోనే ఉన్నది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండమీది శాసనాలలో ఒకటి, తాను భోజనం చేయుచున్నను, అంతఃపురంలో ఉన్నను ప్రజల పనులను తనకు నివేదింపవచ్చునని ప్రకటించుచున్నది. అంతఃపురం తలుపు ప్రజలకై తెరచిన మాట అది. ఫిరోజ్‌షా తుగ్లక్ తోప్రా నుండి తెప్పించి తన కోటలాలో నిలిపిన స్తంభం ఢిల్లీలోనే ఉన్నది. పట్టాభిషేకమైన 26 ఏండ్లకు వ్రాయించిన దాని శాసనం, మరణశిక్ష పడినవారికి మూడు దినముల గడువు ఇచ్చుచున్నది. ఆ లోపల బంధువులు వారి ప్రాణం కొరకు విన్నవించుకొనవచ్చును. శిక్ష రద్దు కాలేదు. అయినను ఆజ్ఞకును కత్తికిని నడుమ మూడు దినములు నిలిచినవి. తిష్యరక్షితకు దొరికినవి ఏడు దినములు. కుణాలునికి మూడు దొరికియుండినచో, ఒక వార్తాహరుడు పాటలీపుత్రానికి బయలుదేరుటకైనను, ఈ ముద్ర నిజమా అని ఒక్కడు అడుగుటకైనను అవకాశముండెడిది.

కనుక అంతఃపురమంటే స్త్రీలుండే చోటు కాదు. నింద మోపబడినవాని మాట వినకుండ ఒక్కని ఇష్టమే తీర్పుగా చెల్లే ప్రతి చోటును అంతఃపురమే. అది కార్యాలయం కావచ్చును, పక్షం కావచ్చును, సాహిత్యసభ కావచ్చును, మన ఇల్లే కావచ్చును. అచ్చట చాడీలు పుట్టును, విషం పుట్టును. పుట్టిన పిమ్మట ఎవరో ఒక చిత్రాంగిమీద నేరం పడును. చాడీ చెప్పినవారిని వెదకుటకు ముందు, చాడీ చెల్లుబాటయ్యే ఏర్పాటు ఎవరు చేసినారో అడుగవలెను.