పట్టీ వేసిన చోటు

మొన్న దసరాకి జంగారెడ్డిగూడెం వెళ్ళినప్పుడు నాన్న అంబాసిడర్‌ని షెడ్‌లో పెట్టాం. 2014లో ఆ బండి తయారీయే ఆగిపోయింది, ఇక అమ్మేద్దామని ఆయనే అన్నారు. అమ్మేముందు వెనక కమాన్ కట్టలు మార్పించాలి. కట్టలు దించాక మెకానిక్ లైటు పట్టుకుని కిందకి పిలిచాడు. కట్ట ముందు కొస బాడీకి బిగిసే చోట, రేకులో వెంట్రుకంత పగులు.

"రెండు రకాలుగా చెయ్యొచ్చు బాబూ. పైన పట్టీ పెట్టి వెల్డింగ్ కొట్టి నల్ల పెయింట్ పూసేస్తే ఎవరికీ తెలీదు. లేదంటే తుప్పంతా గీకి, పగులు చివర బెజ్జం వేసి, అప్పుడు పట్టీ వెయ్యాలి. రెండ్రోజులు పడుద్ది."

బెజ్జం సంగతి ఇంజనీరింగ్‌లో చదివిందే. పగులు మొన సూదిలా ఉంటుంది, లాగుడంతా అక్కడే పోగుపడుతుంది. గుండ్రటి బెజ్జం ఆ మొనని మొద్దుబారుస్తుంది. అతికించే ముందు ఇంకొంచెం కొయ్యాలన్నమాట.

రెండో దారే ఎంచుకున్నాం. చిక్కు ఆ తర్వాత వచ్చింది. కొనేవాళ్ళకి చెప్పాలా?

"గట్టిగా చేయించాం కదరా. అడక్కుండానే చెప్పి రేటు తగ్గించుకోవడం దేనికి?" అన్నారు నాన్న.

ఆ మాటలో బలముంది. దాస్తే ఎదుటివాడికి నష్టం జరగాలి. ఆ చోటు ఇప్పుడు ముందుకంటే గట్టిగా ఉంది. మరి నష్టమేది?

నాకు జవాబు ఆ రేకులోనే దొరికింది. అంబాసిడర్‌కి లారీలా విడిగా చాసిస్ ఉండదు, బరువు బాడీయే మోస్తుంది. 1998లో వచ్చిన బీఎండబ్ల్యూ ఈ46 కార్లలోనూ ఇలాంటి కథే. వెనక సబ్‌ఫ్రేమ్ బిగించే చోట పల్చటి రేకు, చక్రాల గుంజుళ్ళకి అలిసిపోయి చీలుతుంది. అందుకే సస్పెన్షన్ విప్పినప్పుడు చాలామంది అక్కడ పట్టీలు వెల్డింగ్ చేయిస్తారు. కానీ పట్టీ బరువుని మాయం చెయ్యదు, పక్కకి నెడుతుంది. మందం పట్టీ ఆగి పాత రేకు మొదలయ్యే గీత దగ్గర కొత్త లాగుడు పుడుతుంది. పని తెలిసినవాళ్ళు పట్టీ మూలలు గుండ్రంగా కోసేది అందుకే.

అంటే తర్వాతి పగులు ఎక్కడ రావచ్చో నాకు కొంత తెలుసు. కొనేవాడికి తెలీదు. పాత జబ్బు దాచినా పెద్ద తప్పు కాకపోవచ్చు గానీ, రేపు ఎక్కడ చూసుకోవాలో దాచడం తప్పే. ఆఫీసులో ఒక్క కామెంట్ కూడా రాయకుండా ప్యాచ్ వేసి కంపెనీ మారిపోయినవాణ్ణి మేం తిట్టుకునేదీ ఇందుకే. కోడ్ బాగానే పనిచేస్తుంటుంది, విరిగినప్పుడు ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలీదు.

అలాగని ప్రతిదీ చెప్పాలా? సీటు కవర్ కింద కుట్టు గురించి అక్కర్లేదు. బరువు మోసే చోటు గురించి మాత్రం చెప్పాలి.

ఆదివారం బుట్టాయగూడెం నించి ఒకాయన వచ్చారు. పట్టీ చూపించాను. వంగి చూసి పదివేలు తగ్గించమన్నారు. ఎనిమిదికి తెగింది. నేను బస్సెక్కేదాకా నాన్న సరిగ్గా మాట్లాడలేదు.

చేసింది సరైందేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఆ ఎనిమిది వేలు నావి కావు, నాన్నవి. నా నిజాయితీ బరువు కూడా పక్క రేకు మీదే పడిందని హైదరాబాద్ బస్సులో కూర్చున్నాక గానీ తట్టలేదు.