పశ్చాత్తాపము లేని క్షమాపణ

ఇరువది సంవత్సరముల శ్రమతో సంపాదించిన కీర్తిని ఒక్క నిమిషపు కోపము తుడిచివేయగలదా? తుడిచివేయలేకపోయినచో, ఆ కోపమునకు మనము ఇవ్వవలసిన విలువ ఎంత? ఈ ప్రశ్న మిక్కిలి పాతది. లోకమంతయు కన్నులార చూచిన ఒక ఉదాహరణమును ముందుంచుకొని దీనిని విచారింతము.

ఫ్రాన్సు దేశపు ఫుట్‌బాల్ క్రీడాకారుడు జినెదిన్ జిదాన్ 1972లో మార్సేయ్ నగరమునందు జన్మించెను. తల్లిదండ్రులు అల్జీరియాలోని కబీలియా ప్రాంతమునుండి వలస వచ్చిన సామాన్యులు. 1998 ప్రపంచ కప్పు ఫైనల్‌లో అతడు బ్రెజిల్ జట్టుపై రెండు గోలులు చేసి, తన దేశమునకు మొట్టమొదటి సారిగా ఆ కప్పును సంపాదించి పెట్టెను. ఆ రెండు గోలులును తలతో కొట్టినవే. 2004లో జాతీయ జట్టునుండి తప్పుకొన్నను, మరుసటి సంవత్సరమే తిరిగి వచ్చి, 2006 ప్రపంచ కప్పుతో ఆటకు స్వస్తి చెప్పుదునని ముందుగానే ప్రకటించెను.

2006 జూలై 9వ తేదీన బెర్లిన్ నగరమున ఇటలీతో ఫైనల్ జరిగెను. ఏడవ నిమిషమున జిదాన్ పెనాల్టీ ద్వారా గోలు చేసెను. పందొమ్మిదవ నిమిషమున ఇటలీ ఆటగాడు మార్కో మాతెరాజీ దానిని సమము చేసెను. ఆట అదనపు సమయమునకు సాగెను. నూటపదవ నిమిషమున వారిరువురి మధ్య మాటలు జరిగినవి. ముందుకు నడచిపోవుచున్న జిదాన్ వెనుదిరిగి, తన తలతో మాతెరాజీ రొమ్ముపై పొడిచి పడవైచెను. రెఫరీ దానిని చూడలేదు. నాలుగవ అధికారి తెలుపగా ఎర్ర కార్డు చూపెను. తలవంచుకొని, వేదికపైనున్న కప్పు ప్రక్కగా జిదాన్ లోనికి వెడలిపోయెను. తుదకు పెనాల్టీలలో ఇటలీ 5-3తో గెలిచెను. మహానాయకుని ఆట ఆ విధముగా ముగిసినది.

తన తల్లిని, సోదరిని గూర్చి మాతెరాజీ దుర్భాషలాడెనని జిదాన్ చెప్పెను. సోదరి మాట నిజమేనని, తల్లిని మాత్రము తాననలేదని మాతెరాజీ చెప్పెను. ఇది విన్నవెంటనే మనలో పలువురి మనస్సు జిదాన్ వైపే మొగ్గును. ఇంటి ఆడువారిని దూషించినపుడు చేతులు కట్టుకొని నిలుచుట పౌరుషమా యని అడుగువారు ప్రతి ఊరిలోను ఉందురు. ఆ బాధను చిన్నచేయుట న్యాయము కాదు.

కాని ఒక్క విషయము ఆలోచింపవలెను. ఆ దుర్వాక్యమును ఆ క్షణమున విన్నవారు ఎందరు? జిదాన్ ముందుకే నడచిపోయియున్నచో అది ఆ పచ్చికమీదనే సమసిపోయెడిది. అతడు పొడిచిన పోటు దానికి ప్రాణము పోసినది. ఆ మాటయేమి, ఎవరి నుద్దేశించి అనెను అని దేశదేశముల పత్రికలు పరిశోధించినవి. ఏ గౌరవమును కాపాడదలచెనో, ఆ గౌరవమే నలుగురి నోటబడినది. కోపము కాపలాదారు వేషము ధరించి వచ్చి ఇంటి తలుపులు తెరచిపెట్టుట యన్న ఇదియే.

మూడు దినముల తరువాత జిదాన్ దూరదర్శనములో మాట్లాడుచు, ఆ దృశ్యమును చూచిన బాలబాలికలకు క్షమాపణ చెప్పెను. అయినను తాను విచారించుట లేదనియు, విచారించినచో ఎదుటివాడన్న మాటలు సరియైనవని ఒప్పుకొన్నట్లగుననియు పలికెను. మనము నిలిచి ఆలోచింపవలసిన తావు ఇదియే.

ఇది త్రాసు లెక్క. ఒక తట్టలో నా తప్పు, మరియొక తట్టలో వాని తప్పు. నాది బరువని యొప్పుకొన్నచో వానిది తేలికయగునను భయము. కాని రెండు తప్పులును ఒకే త్రాసులో తూగవు. వాని మాటకు వాడు బాధ్యుడు, నా చేతకు నేను బాధ్యుడను. ఫుట్‌బాల్ అంతర్జాతీయ సంఘము సైతము ఇరువురిని వేరువేరుగా శిక్షించెను. జిదాన్‌కు మూడు ఆటల నిషేధము, 7,500 స్విస్ ఫ్రాంకుల జరిమానా. మాతెరాజీకి రెండు ఆటల నిషేధము, 5,000 ఫ్రాంకుల జరిమానా. మాటయు తప్పే, పోటును తప్పే. ఒకదానికి పశ్చాత్తాపపడినంత మాత్రమున రెండవది ఒప్పు కానేరదు.

ఆ కోపము ఆనాడు పుట్టినదియు కాదు. 1998 పోటీలోనే సౌదీ అరేబియా ఆటగానిని కాలితో త్రొక్కి అతడు రెండు ఆటలకు దూరమయ్యెను. 2000లో హాంబర్గ్ జట్టు ఆటగానిని తలతో పొడిచి ఐదు ఆటల నిషేధము పొందెను. 1998లో కప్పు గెలుచుటతో ఆ త్రొక్కుట మరుగునపడినది. కాలికి ఇచ్చిన శిక్షణ కోపమునకు అందదు. దాని సాధన వేరు. విజయము దోషమును కప్పగలదే గాని మాన్పలేదు.

మరి కీర్తి తుడిచిపెట్టుకొని పోయెనా? లేదు. ఆ పోటీలో ఉత్తమ క్రీడాకారుడుగా అతడినే ఎంచిరి. పిమ్మట శిక్షకుడై రియల్ మాడ్రిడ్ జట్టును 2016, 2017, 2018 సంవత్సరములలో వరుసగా మూడు మారులు ఐరోపా విజేతగా నిలిపెను. చేసిన మేలు చెడదు. చేసిన తప్పును చెరగదు. మేలును చూపి తప్పును దాచుటయు, తప్పును చూపి మేలును కాదనుటయు రెండును అన్యాయములే.

మన పిల్లలు తగవులాడి వచ్చినపుడు మొదట వినిపించు మాట "వాడు ముందు అన్నాడు" అనునదియే. అది నిజమే కావచ్చును. దానిని ఓపికతో విని, పిమ్మట "సరే, నీవేమి చేసితివి?" అని అడుగు పెద్దలు ఇంట నుండవలెను.