ఆఖరి జీతం, పోనీలే అనే మాట

మనలో చాలామందికి ఒక అలవాటుంది. రావలసిన సొమ్ము రాకపోతే కొన్నాళ్ళు లోలోపల మథనపడి, ఆ తరువాత "పోనీలే, మన ప్రాప్తం ఇంతే" అని ఊరుకుంటాం. ఉద్యోగం మానేసినప్పుడు అందవలసిన ఆఖరి జీతం విషయంలో ఈ మాట తరచు వినబడుతుంది. దీన్ని ఔదార్యమనుకునేవారున్నారు, వివేకమనుకునేవారూ ఉన్నారు. అది నిజంగా ఏమిటో కాస్త ఆలోచించి చూద్దాం.

మాట గాలిలో పోకుండా ఒక ఉదాహరణ తీసుకుందాం. మన కానింగ్ వేల్‌కి 1989లో పెర్త్ టోకు కూరగాయల మార్కెట్టు తరలి వచ్చింది. ఇక్కడి పారిశ్రామిక ప్రాంతమంతా గిడ్డంగులు, వర్క్‌షాపులు, చిన్న కంపెనీలే. అలాంటి ఒక కంపెనీలో లెక్కలు చూసే మనవాడొకడు వేరే ఉద్యోగం దొరికి మానేశాడనుకుందాం. రెండు వారాల జీతమూ, వాడుకోని వార్షిక సెలవుల సొమ్మూ రావాలి. యజమాని "వచ్చే వారం" అంటాడు. రెండు నెలలు గడిచినా ఆ వచ్చే వారం రాదు. కొత్త ఉద్యోగం ఉంది, ఇల్లు గడుస్తూనే ఉంది. అతడు గట్టిగా అడగాలా, మానాలా?

మానమనేవారు మూడు కారణాలు చెబుతారు. మొదటిది కృతజ్ఞత: ఊరుగాని ఊళ్ళో మొదటి ఉద్యోగమిచ్చినవాడు, ఉప్పు తిన్న విశ్వాసం ఉండవద్దా అంటారు. రెండోది మర్యాద: డబ్బు కోసం రచ్చకెక్కడం మనకు తగదు, అందులోనూ యజమాని మనవాడైతే మరీ తగదంటారు. మూడోది భయం. దీన్ని పైకి ఎవరూ అనరు గాని, తరచుగా అసలు కారణం ఇదే.

ఉప్పు సంగతి ముందు చూద్దాం. జీతగాడు పని ముందు చేస్తాడు, డబ్బు తరువాత తీసుకుంటాడు. అంటే ఆ రెండు వారాలూ అతడే యజమానికి అప్పిచ్చాడన్నమాట. బాకీపడినవాడు యజమాని, పనివాడు కాదు. ఉద్యోగమిచ్చిన మేలు ఒక ఖాతా, చేసిన పనికి కూలి మరో ఖాతా. మేలుకి బదులుగా జీవితాంతం మంచిమాట చెప్పవచ్చు, ఆపదలో ఆదుకోవచ్చు. కాని ఒక ఖాతాలోని జమను రెండో ఖాతాలోని బాకీకి చెల్లుపెట్టడం ఏ గుమాస్తా ఒప్పుకోడు. మన పూర్వులకు ఈ తేడా తెలుసు. మనుస్మృతి చెప్పిన పద్దెనిమిది వ్యవహార పదాల్లో జీతమివ్వకపోవడం ఒకటి. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో అలాంటి యజమానికి జరిమానా విధించాడు. అంటే వారి దృష్టిలో కూలి దయాధర్మాల విషయం కాదు, న్యాయస్థానంలో తేల్చవలసిన తగవు.

ఇక మర్యాద. ఉగాది విందులో ఇద్దరూ ఒకే బంతిలో కూర్చుంటారు, ఎలా అడగడమంటారు. ఎగవేసినవాడికి లేని మొహమాటం పోగొట్టుకున్నవాడికి ఎందుకుండాలి? "మనవాడు" అన్న మాట ఇచ్చేవాడినీ పుచ్చుకునేవాడినీ సమానంగా కట్టెయ్యాలి. ఒక్కరినే కడితే అది బంధుత్వం కాదు, పలుపుతాడు. పైగా ఈ నష్టం ఒక్కడితో ఆగదు. ఈసారి అడగలేదు గనుక, రేపు ఆ కుర్చీలో కూర్చునే కొత్త కుర్రవాడికీ అదే జరుగుతుంది.

అడిగినవారి కథ ఈ రాష్ట్రంలోనే ఉంది. 1946 మే 1న పిల్బరా పశుక్షేత్రాల్లో పనిచేసే ఆదివాసులు వందలమంది పని మానేశారు. వారికి దొరికేది తిండీ బట్టా, ఆపైన కొద్దిపాటి డబ్బు. ఆ సమ్మె మూడేళ్ళు సాగింది. అదే సంవత్సరం జూలై 4న మన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాడు. అక్కడి పోరాటంలోనూ వెట్టిచాకిరి ఒక ముఖ్యమైన బాధ. ఒకరి సంగతి ఒకరికి తెలియని రెండు జనాలు ఒకే ఏడాది ఒకే మాట అన్నాయి. 1936 నుంచి 1972 వరకు జీతం లేకుండానో, నామమాత్రపు జీతానికో పనిచేసిన ఆదివాసుల కోసం పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం 16.5 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నది 2023లో. అప్పటికి వారిలో ఎందరో కన్నుమూశారు. ఆలస్యమైన కూలి అంటే ఇదీ.

భయాన్ని మాత్రం చులకన చేయకూడదు. యజమాని స్పాన్సర్‌షిప్ మీద వచ్చినవాడికి ఉద్యోగం పోతే వీసా బెంగ. 2024 జూలై 1 నుంచి కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి ఒకేసారి 180 రోజుల దాకా గడువిస్తున్నారు. అంతకు ముందు 60 రోజులే. కంపెనీ దివాలా తీస్తే జీతాలు చెల్లించే ప్రభుత్వ పథకం ఒకటుంది గాని, తాత్కాలిక వీసావారికి అది వర్తించదు. కనుక అందరి ధైర్యానికీ ఒకే కొలత పెట్టడం న్యాయం కాదు. పౌరసత్వం ఉన్నవారికీ, స్థిరనివాసం దొరికినవారికీ ఈ బాధ్యత ఎక్కువ. మనం అడగాలి, అడగలేనివాడికి తోడుగా వెళ్ళాలి.

మరి క్షమకు చోటు లేదా? ఉంది. అడిగే శక్తి ఉండి, అడిగి, అవతలివాడు నిజంగా కష్టాల్లో ఉన్నాడని తెలుసుకుని వదిలిపెడితే అది క్షమ. నోరు పెగలక వదిలితే అది భయం. భయానికి క్షమ అని పేరు పెట్టుకుంటే, క్షమించామన్న తృప్తీ దక్కదు, సొమ్మూ దక్కదు. పైగా ఆ జీతంలో భార్యాబిడ్డలకూ, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకూ భాగముంది. వారి భాగాన్ని దానం చేసే హక్కు మనకెక్కడిది?

అడిగేముందు మన లెక్క సరిచూసుకోవాలి. నోటీసు సరిగా ఇచ్చామా? తాళాలు, సామాను తిరిగి అప్పగించామా? నోటీసు ఇవ్వకుండా మానేస్తే చాలా అవార్డుల ప్రకారం వారం జీతం దాకా కోత పెట్టవచ్చు. ఆ తరువాత పే స్లిప్పులు, పనిగంటల లెక్క దగ్గర పెట్టుకుని, మర్యాదగా ఒక ఉత్తరం రాయాలి. ఉద్యోగం ముగిసిన ఏడు రోజుల్లోగా ఆఖరి జీతం ఇవ్వాలని చాలా అవార్డులు చెబుతున్నాయి. జవాబు రాకపోతే, యజమాని కంపెనీ అయినపుడు ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళాలి. సొంత వ్యాపారమో భాగస్వామ్యమో అయితే ఈ రాష్ట్రంలో దారి వేరు, వేజ్‌లైన్‌ని అడగాలి. దావాకు ఆరేళ్ళ గడువుంది. 2023 జూలై నుంచి లక్ష డాలర్ల దాకా చిన్న దావాల పద్ధతిలో తేల్చుకోవచ్చు. 2025 జనవరి 1 నుంచి, దేశీయ చట్టం కింది యజమాని తెలిసి తెలిసి జీతం ఎగవెయ్యడం నేరం కూడా. పొరపాటున తక్కువివ్వడం ఆ నేరం కిందికి రాదు.

చివరిగా, మనలో ఇప్పుడు యజమానులూ ఉన్నారు. వెళ్ళిపోయేవాడితో ఇక పనిలేదు. అందుకే వాడికివ్వవలసినది ఇవ్వడంలోనే మన గుణం తెలుస్తుంది. పనిలో ఉన్నవాడికి జీతమివ్వడం అవసరం, వెళ్ళిపోయినవాడికి అణాపైసలతో లెక్క తీర్చడం ధర్మం. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగేదాకా ఆగకుండా ఇచ్చే యజమానులు మన సంఘంలో నలుగురున్నా, ఈ వ్యాసంతో పనిలేని రోజు వస్తుంది. అంతవరకూ అడగడం తప్పు కాదు.