ఆపద్ధర్మమూ, బీరువాలో మాత్రలూ

ఆపద్ధర్మం అనే మాట మనకు చాలా సుఖమైన మాట. చేయదలచిన పనికి వేరే సమర్థన దొరకనప్పుడు దాన్ని ముందుకు తోస్తాం. ఇప్పుడా మాట మందుల బీరువాలోకి కూడా ప్రవేశించింది. డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ మాత్రలు కొని, రేపు వరదో, కర్ఫ్యూయో, మరొక కోవిడో వస్తే పనికొస్తాయని దాచుకోవడం చదువుకున్న కుటుంబాలలో ముందుచూపుగా చెలామణీ అవుతున్నది. ఇది తప్పా? తప్పయితే ఎవరి పట్ల తప్పు? డబ్బు నాది, జబ్బు నాది. మధ్యలో ఇతరులకేం పని?

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. కాని యీ ప్రశ్న వైద్యులకే వదిలేయదగినది కాదు.

నా సహోద్యోగి ఒకాయన ఇలా దాచుకుంటాడు. అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, అమాక్సిసిలిన్ తలా కొన్ని షీట్లు. ఆయన మూర్ఖుడు కాడు, స్వార్థపరుడూ కాడు. తల్లి సొంత వూళ్లో ఒంటరిగా ఉంటుంది. 2021 మే నెలలో దగ్గరి బంధువు కోసం ఒక్క ఆక్సిజన్ మంచం దొరుకుతుందేమోనని ఆస్పత్రుల చుట్టూ తిరిగాడు. “ఆ రోజున ప్రభుత్వం ఎక్కడున్నది మాస్టారూ? నా జాగ్రత్త నేను పడితే తప్పేమిటి?” అంటాడు. ఈ భయానికి కారణముంది. దాన్ని వెక్కిరించేవారితో నేను ఏకీభవించను.

ఆయనకు సాధారణంగా వచ్చే జవాబు, సొంత వైద్యం ప్రమాదకరమని. అది నిజమే గాని, ఆ ఉపదేశం ఎప్పుడూ బీదవాడి మీదికే పోతుంది. కూలిపోయి పట్నం వచ్చి, ఫీజు కట్టి, చీటీ రాయించుకోలేనివాడు ఆర్.ఎం.పి. దగ్గర రెండు బిళ్లలు తీసుకుంటాడు. పది కొనే డబ్బు లేదు గనకనే రెండు కొంటాడు. అతన్ని నిల్వదారు అనడం అన్యాయం. చీటీ రాసేవారంతా శాస్త్రం ప్రకారమే రాస్తున్నారని కూడా అనుకోనక్కరలేదు. మామూలు జలుబుకు యాంటీబయాటిక్ రాసే డాక్టర్లు మనకు కరువు కారు.

కనుక చీటీ ఉన్నదా లేదా అన్నచోట ఆగకుండా, ఆపద్ధర్మాన్నే కాస్త పరిశీలిద్దాం. భారతం శాంతిపర్వంలో దీని మీద పెద్ద చర్చే ఉంది. పన్నెండేళ్ల కరువులో విశ్వామిత్రుడు ఆకలికి తాళలేక ఒక చండాలుడి ఇంట కుక్కమాంసం దొంగిలించబోతాడు. మేలుకొన్న ఆ యింటివాడు మహర్షికి ధర్మం బోధిస్తాడు. (ఆ సన్నివేశంలో నియమం కోసం వాదించినవాడు కులహీనుడని ముద్రపడినవాడే కావడం మన పండితులను పెద్దగా కలవరపెట్టినట్టు లేదు.) ఇక్కడ గమనించవలసిందొకటి. విశ్వామిత్రుడు తీసుకున్నది ఆ పూట ఆకలికి. రాబోయే కరువుకని మూట కట్టుకోలేదు. ఆపద ముంగిట నిలిచినప్పుడు నియమం సడలడం వేరు, రాని ఆపద పేరు చెప్పి ఈనాడే సడలించుకోవడం వేరు.

దీనికి మా సహోద్యోగి జవాబు పదునైనదే. ఆపద వచ్చాక సిద్ధపడడం ఎలా? రైతు పాతరలో ధాన్యం పోసుకుంటే పాపమా? పాపం కాదు. సరుకు కొరతగా ఉన్నప్పుడు దాచి ఇతరులకు అందకుండా చేసినవాణ్ణే మనం తప్పుపడతాం. 1943 బెంగాల్ కరువులో బియ్యం దాచిన వ్యాపారుల్ని తప్పుపట్టింది అందుకే. బజారులో మాత్రలు పుష్కలంగా ఉన్నప్పుడు ఒక బడిపంతులు నాలుగు షీట్లు దాస్తే ఎవరి నోటి దగ్గర కూడు తీసినట్టు?

అయితే ధాన్యానికీ యాంటీబయాటిక్‌కూ పోలిక ఇక్కడితో తెగిపోతుంది. నేను తిన్న అన్నం వల్ల పొరుగువాడి అన్నంలో బలం తగ్గదు. యాంటీబయాటిక్ సంగతి అట్లా కాదు. అది లొంగే క్రిముల్ని చంపుతుంది, లొంగనివి మిగిలి పెరుగుతాయి. మనం గురిపెట్టిన జబ్బు క్రిములకే కాదు, పేగుల్లో ఊరికే కాపురముండే బాక్టీరియాకూ ఇదే జరుగుతుంది. లొంగకుండా ఉండే గుణం ఒక జాతి బాక్టీరియా నుంచి మరొక జాతికి చేరగలదు కూడా. మన పరిభాషలో చెప్పాలంటే, ఈ సరుకు తాలూకు ఉపయోగపు విలువ మాత్రలో మాత్రమే లేదు. సమాజమంతటా వ్యాపించి ఉన్న క్రిములు ఆ మందుకు ఇంకా లొంగడంలో ఉన్నది. నేను షాపులో వెల కట్టింది మాత్రకు. ఆ లొంగడానికి ఎవరూ వెల కట్టలేదు, అది అందరి ఉమ్మడి ఆస్తి.

సరైన చికిత్సలో కూడా ఆ ఆస్తి కొంత ఖర్చవుతుంది. అప్పుడు ఒక ప్రాణానికి బదులుగా ఖర్చవుతుంది. అక్కరలేనిచోట మింగితే ఊరికే పోతుంది. దాచుకున్నవాడు ఏం చేస్తాడో 2020, 2021లలో చూశాం. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ ఇంటింటా మింగారు. కోవిడ్ వైరస్ వల్ల వచ్చేది, యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు. అజిత్రోమైసిన్ వల్ల కోవిడ్ రోగికి మేలు లేదని 2021 నాటికి బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలు తేల్చాయి. ఇంట్లో మందుంటే జ్వరం వచ్చిన రాత్రే చేయి అటు పోతుంది. ఆ జ్వరం డెంగ్యూ కావచ్చు, మలేరియా కావచ్చు. టైఫాయిడ్ అయినా, ముందే నాలుగు మాత్రలు పడితే తర్వాత చేసే రక్తపరీక్షలో క్రిమి కనబడకపోవచ్చు.

ఈ సంగతులు కొత్తవి కావు. పెనిసిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే, మందు షాపులో ఎవరికైనా దొరికే రోజును ఊహించి హెచ్చరించాడు. ఆయన చెప్పిన కల్పిత ఉదాహరణలో గొంతునొప్పికి చాలీచాలని మోతాదు వేసుకున్నవాడు బాగానే ఉంటాడు. మందుకు అలవాటుపడ్డ క్రిములు సోకి చనిపోయేది అతని భార్య. 2019లో ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మరణాలకు మందుకు లొంగని బాక్టీరియా ప్రత్యక్ష కారణమని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా.

ఇక్కడ మా విద్యార్థులు ఒక ప్రశ్న వేస్తారు, వెయ్యాలి కూడా. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ మందు వాడే రోగి నెత్తుటిలో కూడా అంత ఉండదు. వాగుల్లో మందు పారుతుంటే పంతులుగారి నాలుగు షీట్ల మీద విచారణా?

రెండు నేరాలూ సమానమని నేననను. లాభం కోసం వాగును పాడుచేసినవాడికీ, భయం కొద్దీ బీరువా నింపినవాడికీ చాలా దూరముంది. కాని ఒకటి రెండోదానికి మాఫీ పత్రం కాదు. ఉమ్మడి ఆస్తిని సొంతానికి వాడుకుని నష్టాన్ని నలుగురి మీదికి తోసేయడం రెండింటిలోనూ ఉంది. పెట్టుబడిదారుడి నీతినే చిన్న ఎత్తున పాటిస్తూ అతన్ని ఎదిరించడం ఎట్లాగో నాకు బోధపడదు.

చట్టం ఉంది. షెడ్యూల్ హెచ్ మందులకు చీటీ కావాలి. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్-1 జాబితాలోని మందులకైతే రోగి పేరుతో సహా రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. అమలు సంగతి పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. అయితే డాక్టరు లేని వూళ్లో చీటీ నియమాన్ని కచ్చితంగా అమలుచేస్తే, న్యుమోనియా వచ్చిన బిడ్డకు మందే అందదు. యాంటీబయాటిక్ అందక చావడం కూడా చావే. చట్టాన్ని మాత్రమే నమ్ముకున్నవారు దీనికి జవాబు చెప్పలేరు.

జవాబు మనకు ఎంతో దూరాన లేదు. తెలంగాణ సరిహద్దుకు ఆనుకొని ఉన్న గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు చేసిన పని చూడండి. డాక్టరు లేని పల్లెల్లో ఆ పల్లెవారికే శిక్షణ ఇచ్చారు. బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నదో లెక్కపెట్టి, న్యుమోనియా అని గుర్తుపట్టి, కోట్రైమాక్సజోల్ ఇవ్వడం నేర్పారు. దాంతో పిల్లల మరణాలు తగ్గాయని 1990లో లాన్సెట్‌లో ప్రకటించారు. తర్వాత నవజాత శిశువులకు జెంటామైసిన్ ఇంజక్షను ఇవ్వడం కూడా పల్లె ఆడవాళ్లే నేర్చుకున్నారు. పోలిక కోసం తీసుకున్న గ్రామాలతో చూస్తే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999 నాటి నివేదిక.

ఈ స్త్రీల సంచీలోనూ యాంటీబయాటిక్ నిల్వే ఉంది. డాక్టరు చీటీ అక్కడా లేదు. చదువులో వాళ్లు మా సహోద్యోగికి చాలా దిగువన. అయినా ఆ సంచీకీ ఈయన బీరువాకూ పోలిక లేదు. ఆ మందు ఎవరి బిడ్డకు అవసరమైతే ఆ బిడ్డకు. ఏ లక్షణానికి, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది ముందే నిర్ణయమై ఉంది. ఇచ్చిన ప్రతిదీ కాగితం మీద ఉంటుంది, తర్వాత మరొకరు వచ్చి చూస్తారు. బీరువాలోని మందు ఎవరికీ జవాబు చెప్పదు. గడువు తీరితే చెత్తబుట్టలోకి పోతుంది, తీరకపోతే భయం పుట్టిన రాత్రి నోట్లోకి పోతుంది. పక్కింటి బిడ్డకు న్యుమోనియా వచ్చిందని దానికి తెలియను కూడా తెలియదు.

కనుక సిద్ధంగా ఉండాలన్న మా సహోద్యోగి కోరికతో నాకు పేచీ లేదు. ఆ కోరిక ఒక్క యింటి తాళంచెవికి కుదించుకుపోవడంతోనే పేచీ. ఆ తాళం పడ్డ రోజునుంచి సర్కారు దవాఖానా గురించి అడిగే గొంతుల్లో ఒకటి తగ్గింది. అదీ చదువుకున్న గొంతు, దరఖాస్తు రాయగలిగిన గొంతు.

మన విద్యార్థి మిత్రులు సెలవుల్లో గ్రామ సర్వేలకు వెళ్తుంటారు గదా. కౌళ్లూ, కూలిరేట్లూ అడిగే ప్రశ్నల పట్టికలో మరో మూడు ప్రశ్నలు చేర్చమని వారిని అడుగుతున్నాను. ఉపకేంద్రంలో ఈ రోజున ఏ యాంటీబయాటిక్ ఉంది? ఆశా కార్యకర్త మందుల సంచీని ఆఖరుసారి ఎప్పుడు నింపారు? గత ఏడాది జ్వరంతో పోయిన పిల్లలకు మొదటి మందు ఎవరిచ్చారు, ఎన్నో రోజున?