సూది పట్టిన చేతికి ఆగే హక్కు

2009 జూలైలో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల మధ్య వయసు ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన కార్యక్రమం అది. టీకా వేయించుకున్నవాళ్లలో చాలామంది ఇంటికి దూరంగా హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని నిలిపివేయించింది. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారని తర్వాత బయటపడింది. మరో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మాత్రం మంచిదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారిస్తుంది. ఆ రోజుల్లో జరిగిన మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. నేను ఈ ఉదాహరణ ఎంచుకున్నది అందుకే. మందు చెడ్డదైతే వాదించడం తేలిక. మందు మంచిదై ఉండి కూడా, బిడ్డ ఒంట్లోకి ఏం వెళుతోందో కన్నవాళ్లకు తెలియనప్పుడు ఆ కుటుంబం హక్కుకు భంగం కలిగిందా లేదా? కలిగిందనే నా సమాధానం.

అలాంటి చోట ‘ఒక్క నిమిషం ఆగండి’ అనగలిగేది ఎవరు? నిర్ణయం పైనెక్కడో జరుగుతుంది, ఉత్తర్వు జిల్లాకు వస్తుంది, జిల్లా నుంచి ఆరోగ్య కేంద్రానికి దిగుతుంది. ఇన్ని మెట్లలో కాగితం మీది సంతకాన్నీ ఎదురుగా కూర్చున్న మనిషి ముఖాన్నీ ఒకేసారి చూసేది చివరి మెట్టు మీద ఉన్న ఏఎన్ఎమ్మో, నర్సో. పెద్దాసుపత్రుల్లోనూ అంతే. ఆపరేషన్‌కు ముందు కన్సెంట్ ఫారం తెచ్చి ‘ఇక్కడ సంతకం పెట్టమ్మా’ అనేది చాలాచోట్ల వార్డులోని సిస్టరే. డాక్టరు రౌండ్సు ముగించుకుని వెళ్లాక ‘ఇంతకీ నాకేం చేస్తారమ్మా?’ అని రోగి అడిగేదీ ఆమెనే. రోగి హక్కులు చట్టంలో పుట్టవచ్చు, కానీ అవి నిలిచేదీ పోయేదీ ఆ ప్రశ్నకు ఆమె ఇచ్చే జవాబు దగ్గర. అందువల్ల రోగి పక్షాన నిలబడడం నర్సు మంచితనానికి వదిలేసే విషయం కాకూడదు. అది ఆమె ఉద్యోగ ధర్మంగా, దానికి తగిన రక్షణతో సహా, నిబంధనల్లోకి ఎక్కాలి.

దీనికి మొదటి అభ్యంతరం వైద్యుల నుంచి వస్తుంది. చికిత్స నిర్ణయించే చదువు నర్సుకు లేదు, ఆమె అడ్డుతగిలితే వైద్యం నడవదు అంటారు. ఒకప్పుడు నర్సుల లోకం కూడా ఇదే నమ్మింది. అమెరికాలో 1893లో రాసి, నైటింగేల్ పేరు పెట్టిన ప్రతిజ్ఞలో వైద్యుడికి విధేయంగా సహకరించడం ఒక ముఖ్యమైన మాట. దీపాలు చేతబట్టి ఆ ప్రతిజ్ఞ చదవడం మన నర్సింగ్ కాలేజీల్లో నేటికీ ఒక వేడుక. అయితే అంతర్జాతీయ నర్సుల మండలి 1973లో తన నియమావళిని మార్చి, నర్సు మొదటి బాధ్యత సేవ అవసరమైన మనుషుల పట్లేనని చెప్పింది. ఆ మార్పులో వైద్యుడికి అవమానమేమీ లేదు. ఏ మందు వాడాలన్నది వైద్యుడే తేలుస్తాడు. ఆ సంగతి రోగికి అర్థమైందా, ఒప్పుకున్నాడా అని చూడడానికి వైద్యశాస్త్ర పట్టా అక్కర్లేదు. రోగి భాష తెలిసి, రోగి దగ్గర కాసేపు కూర్చునే ఓపిక ఉంటే చాలు.

రెండో అభ్యంతరం ఇంకాస్త లోతైనది. మన రోగులే ‘మీ చేతుల్లో పెట్టాం, మీ ఇష్టం డాక్టరు గారూ’ అంటారు, నిర్ణయాలు ఇంటి పెద్దలు తీసుకుంటారు, వాళ్లు కోరని హక్కును నెత్తిన రుద్దడం ఎందుకు అని. నమ్మి అప్పగించడం కూడా రోగి హక్కేనని నేను ఒప్పుకుంటాను. కానీ ఏం అప్పగిస్తున్నారో తెలియాలి కదా. సమీరా కోహ్లీ కేసులో పరీక్ష కోసం మత్తిచ్చిన మహిళకు, బయట ఉన్న తల్లి అనుమతితో గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయమేమీ లేనప్పుడు, స్పృహ వచ్చాక తానే నిర్ణయించుకోగల వయోజనురాలి తరఫున తల్లి ఒప్పుకోవడం చెల్లదని 2008 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. తల్లి మాటే చెల్లనప్పుడు కుటుంబ పెద్ద మాట ఎలా చెల్లుతుంది?

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం నర్సుల నుంచే వస్తుంది. దానికి తేలికైన సమాధానం లేదు. మైదాన ప్రాంతంలో అయిదు వేల మందికి, గిరిజన ప్రాంతంలో మూడు వేల మందికి ఒక ఉపకేంద్రం. అందులో ఏఎన్ఎం చాలాసార్లు కాంట్రాక్టు ఉద్యోగి. ఆమె ఆగమంటే ఉద్యోగం ఉంటుందా? జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగి హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి, 2019లో కేంద్రం దాన్ని రాష్ట్రాలకు పంపింది కూడా. ఆ హక్కుల కోసం నోరు విప్పిన సిబ్బందిని కాపాడే ఏర్పాటు మాత్రం దాని వెంట రాలేదు. తప్పును బయటపెట్టేవాళ్ల రక్షణకు 2014లో చేసిన చట్టం అమలుకే నోచుకోలేదు. చట్టం ఉన్నచోట కూడా పోరాటం తప్పదు. టెక్సాస్‌లోని వింక్లర్ కౌంటీలో ఒక వైద్యుడి మీద రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేసినందుకు 2009లో ఇద్దరు నర్సుల ఉద్యోగాలు పోయాయి, పైగా క్రిమినల్ కేసు పడింది. ఒకరి మీద కేసు విచారణకు ముందే ఎత్తేశారు. రెండో ఆమెను 2010 ఫిబ్రవరిలో జ్యూరీ గంట లోపే నిర్దోషిగా వదిలేసింది. అయినా ఆ రాష్ట్రంలో అనుసరించదగ్గ పద్ధతి ఒకటుంది. రోగికి హాని చేస్తుందనుకున్న పనిని తనకు అప్పగించినప్పుడు నర్సు అప్పటికప్పుడే లిఖితపూర్వకంగా అభ్యంతరం నమోదు చేయవచ్చు. తోటి నర్సుల కమిటీ దాన్ని సమీక్షిస్తుంది. సదుద్దేశంతో అలా రాసినందుకు ఆమెను శిక్షించకూడదు. పెద్ద చదువు చదివిన నర్సులకే కాక, మన ఏఎన్ఎం స్థాయికి దగ్గరగా ఉండే, అక్కడ వొకేషనల్ నర్సులని పిలిచేవాళ్లకూ అది వర్తిస్తుంది.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. దాని ప్రకారం రాష్ట్రాల్లోనూ కమిషన్లు ఏర్పడాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కమిషన్ల నియమావళిలో ఈ ఒక్క నిబంధన చేర్చమని అడుగుతున్నాను: రోగికి తెలియకుండా, రోగి ఒప్పుకోకుండా జరగబోయే పనిని నర్సు కారణం రాసిపెట్టి ఆపవచ్చు, ఆపినందుకు ఆమె ఉద్యోగానికి ముప్పు ఉండకూడదు. నర్సుల సంఘాలు జీతాల పెంపుతో పాటు దీన్ని కూడా తమ డిమాండ్లలో పెట్టాలి.