చెలుల ఋణము

ధనుర్మాసము ప్రవేశించినంతనే తిరుమలలో వేకువ సేవయందు సుప్రభాతమునకు మారుగా తిరుప్పావై వినిపించును. ఆ నెల అంతయు శ్రీనివాసునకు మేలుకొలుపు గోదాదేవి వాక్కే. అయితే ఆ 30 పాశురములను శ్రద్ధతో అనుసంధించువారు ఒక విశేషమును గమనింపవలెను. స్వామిని మేల్కొల్పుటకు ముందు ఆ తల్లి తన చెలులను మేల్కొల్పినది. 6వ పాశురము మొదలు 15వ పాశురము వఱకు పది పాశురములు ఇందులకే వినియోగించినది. అనగా ప్రబంధములో మూడవ వంతు! స్వామి సన్నిధికి చేరవలెనని అంతగా త్వరపడుచున్న కన్య, పది వాకిళ్ల ముందు ఏల ఆగవలెను?

త్వర లేక కాదు. పక్షులు కూయుచున్నవి, శంఖము మ్రోగినది, మేత కొఱకు గేదెలను విడిచినారు. శుక్రుడు ఉదయించి బృహస్పతి అస్తమించినాడు. స్నానమునకు ప్రొద్దు మించిపోవుచున్నదని చెలులందఱకు తెలియును. అయినను 8వ పాశురములో వారు చెప్పిన మాట చిత్రమైనది. ముందుగా బయలుదేఱినవారిని సైతము పోనీయక నిలిపి, లోపలనున్న ఒక్కతెను పిలుచుటకు వచ్చి నిలిచితిమనిరి. ఒక్కతె రాకున్న తక్కినవారికి పయనము లేదు. మఱియొక వాకిట వారి తలలపై మంచు కురియుచుండగా గడపకమ్మి పట్టుకొని నిలిచియున్నారు.

పిలుపులలో పరిహాసమును లేకపోలేదు. నీ కూతురు మూగదా, చెవిటిదా అని ఒక యింట తల్లినే అడిగిరి. కుంభకర్ణుడు నీకోడి తన నిద్రను నీకే ఇచ్చిపోయెనా అని వేఱొక చెలిని ఎత్తిపొడిచిరి. రేపు నేనే మిమ్ము లేపెదనని పలికి తానే నిద్రించినదానిని నిలదీసిరి. వీనిని వట్టి వేడుక మాటలని దాటిపోరాదు. నిజముగ కావలసినవారు తప్ప చలిలో నిలిచి ఇంతగా ఎవరు దెప్పుదురు?

గోదాదేవి తన్ను వ్రేపల్లె గొల్లకన్యగా భావించుకొని ఈ వ్రతము నడిపినది. ఆ గొల్లకన్యలు మార్గశీర్షమున కాత్యాయనీ వ్రతము పట్టి, వేకువనే ఒకరినొకరు పేరుపేరున పిలుచుకొని, చేయి చేయి పట్టుకొని కాళిందికి నడచిరని భాగవత దశమస్కంధము తెలుపుచున్నది. రాసలీలా ఘట్టమున ఆ చెలిమికి గట్టి పరీక్షయే వచ్చినది. కృష్ణుడు అందఱను విడిచి ఒక్క గోపికను వెంటగొని పోయెను. మార్గమున ఆమె అడుగుజాడలు చూచి తక్కినవారి మనస్సు నొచ్చుకొనినది. అది సహజము, వ్యాసమహర్షి దానిని దాచలేదు. తనకొక్కతెకే స్వామి వశుడయ్యెనని ఆమె గర్వించి, నడువలేను, ఎత్తుకొమ్మనెను. ఆయన అంతర్ధానమయ్యెను. అడవిలో ఒంటిగా విలపించుచున్న ఆమెను వెదకి కనుగొన్నది ఎవరు? ఆ అడుగుజాడలు చూచి నొచ్చుకొనిన చెలులే. నీకు తగిన శాస్తి యని ఒక్కతెయు అనలేదు. తన కలిమియు తన తప్పిదమును ఆమె చెప్పగా విని విస్మయమొందిరి. ఆమెతో కూడి వెన్నెల ఉన్నంత మేర వెదకి, చీకటి క్రమ్మగా యమున ఇసుకతిన్నెకు మరలి వచ్చి, అందఱును గొంతు కలిపి పాడిరి. స్వామి అప్పుడు గదా సాక్షాత్కరించినది! దేవతల ఆయువు లభించినను మీ ఋణము తీర్ప నా తరము కాదని ఆయన పలికినదియు, ఏకాంతమున ఒక్కతెతో కాదు, ఆ సమూహముతోనే.

సర్వేశ్వరుడే ఋణపడితినని ఒప్పుకొనిన చోట మానవులు చెలుల ఉపకారమును మఱచుట ఎట్లు? గోదాదేవి మఱువలేదు. నాచ్చియార్ తిరుమొళిలో తన వివాహపు కలను ఆమె నివేదించినది చెలికత్తెకే. నేటికిని వైష్ణవుల వివాహములలో అనుసంధించుచున్న పాశురములవి. ఆ కల విన్న చెవి ఒకటి ఉండబట్టియే గదా ఆ పాట మనకు దక్కినది.

గృహములలోను ఇది కనిపించుచునే యున్నది. ఏటేట ధనుర్మాసమున కలసి పాశురములు చదువుకొను స్త్రీలలో ఒకామెకు భర్తృవియోగము కలిగినదనుకొందము. ఆ యేడు ఆమె తలుపు తెఱవదు. “మీరు వెళ్లండి వదినా, నేనెందుకు?” అని లోపలినుండియే పలుకును. శుభకార్యమున ఆమె ముఖము చూడరాదను ఇండ్లు నేటికిని ఉన్నవి. అది ఏ ఆచార్యుని ఉపదేశమో వారే చెప్పవలెను. వాకిట నిలిచిన వదిన మాత్రము కదలదు. “నీవు రానిదే పుస్తకము తెఱవము. దీపము వెలిగించి వచ్చితిమి, లేమ్మా” అనును. వెనుక మఱి నలుగురు శాలువలు కప్పుకొని నిలిచియుందురు. ఎన్ని తీర్థములు సేవించినను, ఎన్ని వత్సరములు గడచినను ఆ వేకువను ఆమె మఱువగలదా? పెరుమాళ్లకు హారతి కన్నులకద్దుకొనునపుడెల్ల ఆ నలుగురును తలపునకు రాకపోరు.

15వ పాశురమున లోపలి చెలికిని వెలుపలివారికిని నడచిన సంవాదమును పెద్దలు విశేషముగ ఆదరింతురు. నీవే మాటల నేర్పరివని వెలుపలివారు దెప్పగా, మీరే నేర్పరులని ఆమె బదులిచ్చి, అంతలోనే పోనిండు, ఆ తప్పు నాదే యగుగాక యని తలయొగ్గినది. తనది కాని నిందను సైతము చెలుల కొఱకు తనదిగా స్వీకరించుట భాగవత లక్షణమని వ్యాఖ్యానము. ఇంకను ఆమెకు ఒక్క సందేహము మిగిలినది: అందఱును వచ్చిరా? వచ్చిరి, నీవే వచ్చి లెక్కించుకొమ్మని వారనిరి. అప్పుడు గాని వారందఱు కలసి నందగోపుని వాకిటికి నడువలేదు.